భయానికి చేతినిండా పని

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక పెద్దాయన తన మనవడి గురించి రాసుకున్నారు. కుర్రాడు చదువులో బాగానే ఉన్నాడట, మాటా మర్యాదా తెలిసినవాడేనట. కానీ రాత్రయ్యేసరికి గదిలో లైటు ఆర్పేసి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని దయ్యాల వీడియో గేములు ఆడతాడట. మధ్యమధ్యలో కెవ్వుమని అరుస్తాడట, అరిచి మళ్లీ తనే నవ్వుకుంటాడట. "బతుకులో ఉన్న భయాలు చాలవా, డబ్బు పోసి కొత్తవి కొనుక్కోవాలా?" అని ఆయన అడిగారు. తర్వాత వచ్చిన జవాబుల్లో ఒకరు ఇదంతా క్రూరత్వానికి తర్ఫీదు అన్నారు. ఇంకొకరు, భయమంటే ఏమిటో తెలియని మొండివాళ్ల సరదా అని తేల్చేశారు. అది చదివి మా అక్క పేపరు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "చూడవే, నీకు ధైర్యవంతురాలని బిరుదిచ్చారు" అంది.

నేను యాభై దాటినదాన్ని. రేడియో నాటకాలకీ డాక్యుమెంటరీలకీ శబ్దం కలిపే పని నాది. మాట ఎంత వినిపించాలి, వెనక వాన ఎంత కురవాలి, అడుగుల చప్పుడు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ చూసుకుంటాను. పుట్టు పిరికిని. పడుకోబోయే ముందు గడియ వేశానో లేదో లేచి చూస్తాను, చూసొచ్చి పడుకున్నాక మళ్లీ లేస్తాను. మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం విప్పి, దుష్ఫలితాల జాబితా ఆసాంతం చదివి, మాత్ర వేసుకోకముందే అందులో సగం నాకు వచ్చేశాయనుకుంటాను. వేళ కాని వేళ ఫోన్ మోగితే, అది ఎత్తేలోపే అయినవాళ్లలో ఎవరికేమై ఉంటుందో వరసగా ఊహించేస్తాను. ఇలాంటి నేను భయపెట్టే ఆటలు ఏరికోరి ఆడతాను. ఆడేవాళ్లలో నా బాపతు పిరికివాళ్లు మీరనుకునేదానికన్నా ఎక్కువే.

పెద్దాయన ప్రశ్న సరైనదే, జవాబులే గురి తప్పాయి. నాకు భయం కొనుక్కోవలసిన అవసరం నిజంగానే లేదు, ఇంట్లో కావలసినంత నిల్వ ఉంది. కాకపోతే ఆ నిల్వతో నేను చేసుకోగలిగింది ఏమీ ఉండదు. రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిచేదాకా బయట కుర్చీలో కూర్చోవాలి. ఆ కూర్చోవడమే నన్ను తినేస్తుంది. గుండె దడదడలాడుతుంది, కాళ్లు పరుగెత్తమంటాయి, పరుగెత్తడానికి చోటుండదు. భయపెట్టే ఆట కూడా అదే గుండెదడ తెస్తుంది, కానీ తెచ్చి దానికి చేతినిండా పని అప్పజెబుతుంది. నేను ఆడేది అందుకే.

పనంటే ఏం పని అంటారా? 1996లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' సంగతి చూడండి. ఒక పెద్ద భవంతి, అందులో నడిచే శవాలు. కథ చెప్పుకుంటే నవ్వొస్తుంది. అయితే మన దగ్గర పెట్టుకోగలిగినవి ఆరే వస్తువులు, రెండో పాత్రను ఎంచుకుంటే ఎనిమిది. తాళంచెవి తీసుకుంటే తూటాలు వదిలెయ్యాలి, తూటాలు తీసుకుంటే గాయాలకు వాడే మందాకు వదిలెయ్యాలి. ఆడినంతవరకు సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటర్ ఉన్న గది వెతుక్కోవాలి. సేవ్ చేసిన ప్రతిసారీ ఒక ఇంకు రిబ్బన్ ఖర్చవుతుంది, ఆ రిబ్బన్లు లెక్కగానే దొరుకుతాయి. ఇప్పుడు ఒకటి వాడెయ్యాలా, ఇంకో రెండు గదులు తిరిగొచ్చి వాడాలా? తిరిగొచ్చేలోపు ప్రాణం పోతే ఆడిందంతా గంగలో కలిసినట్టే. వణుకుతూ వణుకుతూనే లెక్కలు వేస్తుంటాం. లెక్కలు వేస్తున్నంతసేపూ వణుకు ఉంటుంది కానీ అది మనల్ని ఏలదు.

ఆ ఆటలో తలుపుల గురించి కూడా చెప్పాలి. తలుపు తీయబోయినప్పుడల్లా తెరంతా నల్లబడిపోయి, ఆ తలుపొక్కటే కనబడుతూ మెల్లగా, చాలా మెల్లగా తెరుచుకుంటుంది. అవతలి గది వివరాలను డిస్క్ నుంచి చదువుకోవడానికి యంత్రానికి కాస్త సమయం పట్టేది. ఆ ఆలస్యాన్ని తయారీదారులు భయంగా మార్చేశారు. కానీ తలుపు తీయాలా వద్దా అన్నది నా బొటనవేలి చేతిలో ఉంది. సినిమాలో ఎవరో అమ్మాయి చీకట్లో మెట్లు దిగుతుంటే మనం "వద్దు వద్దు" అంటూనే చూస్తాం, ఆమె దిగుతూనే ఉంటుంది. ఇక్కడ నేను బటన్ నొక్కేదాకా ఎవరూ దిగరు. ఆ మెట్ల మీద ఎంతసేపైనా నిలబడొచ్చు. నిలబడి, మంచినీళ్లు తాగి, అక్కతో నాలుగు మాటలు మాట్లాడి, ఇక తప్పదనుకుని దిగిన సందర్భాలు నాకు బోలెడు.

తలుపులన్నీ దాటుకుని ఆ టైప్‌రైటర్ గదిలో అడుగుపెడతామా, సంగీతం మారిపోతుంది. మెత్తటి స్వరాలు, తొందరలేని లయ. ఆ గదిలోకి శవాలు రావు. ఆ సంగీతం మొదలవగానే నా భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. అప్పటిదాకా అవి చెవుల దాకా ఎక్కి ఉన్నాయన్న సంగతే నాకు తెలియదు. డాల్ఫ్ జిల్మన్ అనే పరిశోధకుడు దీనికి 1970లలోనే ఒక వివరణ ఇచ్చాడు. భయం కలిగించిన కారణం పోయినా ఒంట్లో రేగిన ఉద్రేకం వెంటనే చల్లారదు, మిగిలిపోయిన ఆ వేడి తర్వాత వచ్చే భావంలోకి చేరి దాన్ని రెట్టింపు చేస్తుంది అని. మామూలు గదిలో మామూలుగా కూర్చుంటే అంత హాయి పుట్టదు. శవాలను తప్పించుకుని వచ్చి కూర్చోవాలి. పెద్దాయన మనవడు అరిచిన వెంటనే నవ్వడంలో నాకు వింత కనబడకపోవడానికి కారణం ఇదే.

ఇక నా వృత్తి సంగతి. పెద్దాయన ఒకసారి మనవడి పక్కన కూర్చుని, శబ్దం పూర్తిగా తీసేసి ఆడించి చూడాలి. ఎంతటి రాక్షసి అయినా రంగు వేసిన బొమ్మగా మిగిలిపోతుంది. తర్వాత తెర మీద ఒక దుప్పటి కప్పేసి శబ్దమొక్కటే వినాలి. అప్పుడు ఆయనే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేస్తారు.

1999లో వచ్చిన 'సైలెంట్ హిల్' ఆటను కొనామి సంస్థ చేస్తున్నప్పుడు, అప్పటి గేము యంత్రం ప్లేస్టేషన్‌కి దూరాన ఉన్న వీధులను గీసి చూపించేంత శక్తి లేదు. అందుకని ఊరంతా పొగమంచు కప్పేశారు. నాలుగడుగుల అవతల ఏముందో కనబడదు. కళ్లకు అలా గంతలు కట్టాక, చెవులకు మాత్రం ఒక చిన్న రేడియో ఇచ్చారు. ఏదైనా వికృతప్రాణి దగ్గరకొస్తుంటే ఆ రేడియో గరగరమంటుంది, ఇంకా దగ్గరకొస్తే ఇంకా గట్టిగా. ఎంత దగ్గరో చెబుతుంది గానీ ఎటునుంచో చెప్పదు. ఇది ఎంత కొంటె ఉపాయమో శబ్దంతో బతికేవాళ్లకు తెలుస్తుంది. దిక్కు పట్టడంలో మన చెవులు ఘటికులు. ఎడమవైపు నుంచి వచ్చిన చప్పుడు ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడాతోనే మెదడు 'అదిగో ఎడమ' అని చెప్పేస్తుంది. ఒంటిమీదున్న రేడియో మోగితే ఆ విద్య దేనికీ పనికిరాదు. ఏదో వస్తోందని తెలుసు, తల ఎటు తిప్పాలో తెలియదు. దానికి తోడు ఆ ఆటకు సంగీతం చేసిన అకిరా యమావోకా చాలాచోట్ల ఇనుము ఇనుముకు రాసుకున్నట్టుండే చప్పుళ్లనే సంగీతంగా పెట్టాడు. వినబడేది పాటా, ఎక్కడో తిరుగుతున్న యంత్రమా, లేక వెనక నిలబడిన ప్రాణా అన్నది ఆడుతున్నంతసేపూ తేల్చుకోలేం. వృత్తిరీత్యా నాకు అసూయ పుట్టించిన పనితనం అది.

కేకల గురించి కూడా ఒక ముక్క. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో మనిషి కేకలను కొలిచి చూశారు. మామూలు మాటలో ధ్వని హెచ్చుతగ్గులు ఎక్కువగా సెకనుకు నాలుగైదు సార్లే. కేకలో అవి 30 నుంచి 150 సార్ల దాకా ఉంటాయట. మన చెవికి గరుకుగా తగిలేది అదే. ప్రమాద హెచ్చరికల అలారాల్లోనూ ఆ గరుకుదనమే ఉంటుంది. స్టూడియోలో నటి నా ఎదురుగా అద్దం వెనక నిలబడి, చేతిలో కాగితం పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని కేక వేస్తుంది. కేక వేసి "ఇంకోటి ఇవ్వనా అండీ?" అని అడుగుతుంది. అంతా కళ్ల ముందే జరుగుతున్నా నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడతాయి. బుద్ధి 'ఇది అబద్ధం' అంటుంటే ఒళ్లు మాత్రం నమ్మేయడం, ఆ రెండింటి మధ్యా నేను కూర్చుని ఉండటం నాకు భలే ఇష్టం.

అయితే నిశ్శబ్దంలో హఠాత్తుగా ఢామ్మని మోగించి, తెరనిండా ఒక వికృతమైన మొహం చూపించే చవకబారు ఆటలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని వెనకేసుకురావడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఉలిక్కిపడటానికి ఆలోచనతో పనే లేదు, వెన్నుపాముకు కాస్త పైనుంచే ఆ పని అయిపోతుంది. దాని కోసం కళాకారుడు అక్కర్లేదు. మా మిక్సర్ మీద శబ్దం పెంచే ఒక ఫేడర్ పైకి తోస్తే చాలు, ఎవరైనా ఉలిక్కిపడతారు.

మంచి భయం ఎలా ఉంటుందో చెప్పాలంటే 2014లో వచ్చిన 'ఏలియన్: ఐసొలేషన్' గురించి చెప్పాలి. శిథిలమైపోతున్న ఒక అంతరిక్ష కేంద్రం, అందులో నన్ను వేటాడే ఒక ప్రాణి. దాన్ని చంపడం కుదరదు. అది నా కోసం వెతుకుతూ ఉంటుంది, నేను నక్కి నక్కి పోతూ ఉండాలి. ఈ ఆట మేమిద్దరం కలిసే ఆడాం. అక్క ఆట నడిపే కంట్రోలర్ ముట్టుకోదు, చేతులు చెమటలు పడతాయంటుంది. పక్కన కూర్చుని పాత నోటుపుస్తకంలో దారులు గీస్తుంది. ఎక్కడ లాకర్ ఉంది, ఎక్కడ సేవ్ చేసుకునే చోటుంది, పైకప్పులో ఏ గొట్టం లోంచి అది కిందికి దిగింది, అన్నీ గుర్తులు పెడుతుంది. "ఎడమకే! ఎడమకంటే వినవేం? అటు గొట్టం ఉందని చెప్పలా?" అని మోచేత్తో పొడుస్తుంది. నా చేతిలో ఒక కదలికలు పట్టే పరికరం ఉంటుంది. దాని మీద చుక్క కనబడితే ఏదో కదులుతోందని అర్థం. కానీ చూపు ఆ పరికరం మీద నిలిపితే ఎదురుగా ఉన్నదంతా మసకబారుతుంది, ఎదురుగా చూస్తే పరికరం మసకబారుతుంది. ఏది చూడాలో తేల్చుకునేలోపు చుక్క దగ్గరకొచ్చేస్తుంది. లాకర్‌లో దూరి తలుపేసుకుంటాను. అది బయట నిలబడి, ఆ సందుల్లోంచి లోపలికి చూస్తుంది. అప్పుడు వెనక్కి ఒదిగి, ఊపిరి బిగపట్టే బటన్ నొక్కి ఉంచాలి. నేను బటన్ నొక్కుతాను. అక్క నిజంగానే ఊపిరి బిగపడుతుంది. నేను వదిలాక గానీ వదలదు. ఒకసారి అది ఎంతకీ పోకపోయేసరికి పాపం మొహమంతా ఎర్రబడిపోయింది. "నువ్వెందుకే బిగపట్టడం?" అంటే, "ఏమో, నేను వదిల్తే నువ్వు దొరికిపోతావనిపించింది" అంది.

ఆ ప్రాణిని నడిపించే ప్రోగ్రామ్‌లో రెండు బుర్రలున్నాయి. నేనెక్కడున్నానో పై బుర్రకు ఎప్పుడూ తెలుసు, కానీ అది ఉన్నదున్నట్టు చెప్పెయ్యదు. 'అటువైపు చూడు' అని సూచన మాత్రం అందిస్తుంది. అక్కడికి వెళ్లాక కింది బుర్ర తన కళ్లతో చెవులతోనే నన్ను వెతుక్కోవాలి. అంటే నేను పరుగెత్తితే ఆ చప్పుడుకు దొరుకుతాను, కదలకుండా నక్కితే దాటిపోవచ్చు. సేవ్ చేసుకోవడానికి కార్డు పెట్టినా కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాల్లో ఆట ఆగదు, అది వెనక నుంచి వచ్చి నన్ను పట్టేయొచ్చు. నాకు జరిగినదాంట్లో నా చెయ్యి ఎంతో కొంత ఉంటుంది. బతుకులో నన్ను భయపెట్టేవాటిలో ఎన్నింటికి ఈపాటి న్యాయం ఉంది?

క్రూరత్వానికి తర్ఫీదు అన్నవారికి ఇక్కడే జవాబు చెబుతాను. నరుకుడే పనిగా ఉన్న ఆటలు లేవనను. అవి నాకు విసుగు, రక్తం ఎక్కువయ్యేకొద్దీ భయం పల్చబడిపోతుంది. కానీ ఈ తరహాలో పేరున్నవాటిలో కొన్ని మన చేతికి కత్తి కూడా ఇవ్వవు. 2010లో స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న సంస్థ చేసిన 'ఆమ్నీషియా: ద డార్క్ డిసెంట్' ఆటలో మన దగ్గరుండేది ఒక లాంతరు, దానికి కాస్త నూనె. చీకట్లో ఎక్కువసేపు ఉంటే మతి చలిస్తుంది, దీపం వెలిగిస్తే వేటాడేదానికి మనం కనబడతాం. దాన్ని తేరిపార చూసినా మతి చలిస్తుంది. నీళ్లు నిండిన ఒక నేలమాళిగలో ఉన్నదైతే అసలు కంటికే కనబడదు, దాని అడుగులకు చిందే నీళ్లే కనబడతాయి. చెక్కపెట్టెల మీదుగా గెంతుకుంటూ పోవాలి, కాలు జారి నీళ్లలో పడ్డామా, చిందులు మనవైపు తిరుగుతాయి. 2001 నాటి జపాన్ ఆట 'ఫేటల్ ఫ్రేమ్'లో దీనికి పూర్తిగా ఎదురు. దయ్యాలను ఎదుర్కోవడానికి మనకిచ్చేది ఒక పాత కెమెరా. ఫోటో తీస్తే దయ్యం నీరసిస్తుంది, ఎంత దగ్గరకు రానిచ్చి తీస్తే అంత గట్టి దెబ్బ. కాబట్టి అది మొహం మీదికి వస్తుంటే కళ్లు మూసుకోకుండా నిలబడాలి. ఒక ఆట చూడొద్దంటుంది, ఇంకోటి చూసితీరాలంటుంది. రెండింట్లోనూ మనం వేటగాళ్లం కాము.

పెద్దాయన సాహిత్యం చదువుకున్నవారని ఆయన రాసిన తీరు చెబుతోంది, అందుకని ఇది. భయాన్ని ఆస్వాదించడం నిన్నమొన్నటి పిల్లలు కనిపెట్టింది కాదని ఆయనకు నేను చెప్పక్కర్లేదు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. దాదాపు వెయ్యేళ్ల కిందట అభినవగుప్తుడనే ఆలంకారికుడు ఈ భయం ఎందుకు రుచిస్తుందో వివరించబోతూ కాళిదాసు శాకుంతలంలోని లేడిని ఉదాహరణగా ఎత్తుకున్నాడు. దుష్యంతుడి రథం తరుముతుంటే మెడ తిప్పి తిప్పి వెనక్కి చూస్తూ, రొప్పుతో తెరుచుకున్న నోట్లోంచి సగం నమిలిన దర్భలు దారి పొడుగునా రాలుతుండగా పరుగెత్తే లేడి. ఆ భయం ఫలానా లేడిదనీ, ఫలానా చోటిదనీ, నాదనీ పరాయిదనీ అనిపించదు, వట్టి భయంగా మిగులుతుంది, అందుకే రసమవుతుంది అంటాడు ఆయన. నాటకం చూసేవాడికి ఈ మాట అక్షరాలా సరిపోతుంది. గేమ్ ఆడేవాడి విషయంలో మాత్రం నాకు సందేహం. ఇక్కడ లేడి కాళ్లు నాకే తగిలించారు, ఎటు దూకాలో నేనే తేల్చుకోవాలి. "నేను పోయాను" అంటాం గానీ "ఆ పాత్ర పోయింది" అనం. అలాగని అది పూర్తిగా నాదీ కాదు, బాణం తగిలినా కుర్చీలోంచి లేచి వెళ్లి పడుకుంటాను. ఈ సగం సగం స్థితిని మన ఆలంకారికులు చూసి ఉంటే ఎన్ని పేజీలు రాసేవారో!

ఇప్పటి పరిశోధకులు గుండెకు యంత్రాలు కట్టి చూస్తున్నారు. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం వారు టిక్కెట్టు పెట్టి భయపెట్టే ఒక వినోదశాలలోకి 110 మందిని గుండె కొలిచే పరికరాలతో పంపి, 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం మరీ తక్కువైనా ఆనందం లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో ఉంది దాని శిఖరం. ఆటలు చేసేవాళ్లకు ఇది అనుభవంతో ముందే తెలిసినట్టుంది. 2008లో వాల్వ్ సంస్థ చేసిన 'లెఫ్ట్ 4 డెడ్'లో 'డైరెక్టర్' అనే ప్రోగ్రామ్ ఆడేవాళ్లు ఎంత ఒత్తిడిలో ఉన్నారో అంచనా వేసుకుంటూ, ఒత్తిడి బాగా పెరిగాక కాసేపు దాడులు ఆపి ఊపిరి పీల్చుకోనిస్తుంది.

అదే ఆర్హస్ బృందం 2019లో ప్రకటించిన ఇంకో పరిశీలన నాకు మరీ నచ్చింది. వినోదశాలకు వచ్చిన 280 మందిలో కొందరు భయాన్ని ఎంత పెంచుకోగలిగితే అంత పెంచుకోవడానికి చూశారు, కొందరు ఎంత తగ్గించుకోగలిగితే అంత తగ్గించుకోవడానికి చూశారు. చివర్లో అడిగితే రెండు జట్లూ ఇంచుమించు సమానంగానే తృప్తి పడ్డామన్నాయి. నేను రెండో జట్టు మనిషిని. గదిలో లైటు వేసుకుంటాను. భరించలేని చోట శబ్దం తగ్గిస్తాను, ఇది మా వృత్తిలో మహాపాపం. తెర వదిలేసి అక్క నోటుపుస్తకంలోకి చూస్తాను. భయాన్ని ఇలా అదుపు చేసుకోవడం కూడా ఆటలో భాగమేనని శాస్త్రం సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది. కొవిడ్ రోజుల్లో 310 మందిని అడిగి చేసిన మరో పరిశీలన ప్రకారం, భయానక చిత్రాలు ఇష్టపడేవాళ్లు ఆ కాలంలో తక్కువ మానసిక ఇబ్బంది పడ్డారట. ఆ సినిమాలు చూడటం వల్లే అలా జరిగిందని దానితో రుజువు కాదు, తట్టుకోగలిగిన స్వభావం ఉన్నవాళ్లే ఆ సినిమాలు చూస్తుండొచ్చు. కాబట్టి దాన్ని నేను మందుచీటీగా చూపించను.

ఇంత గంభీరంగా చెప్పాను గానీ, మా ఇంట్లో ఎక్కువ గోల నవ్వులతోనే. అక్క కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం. సెలవు రోజుల్లో దాంతో కలిసి 'ఫాస్మోఫోబియా' ఆడతాను. 2020లో వచ్చిన ఆట, నలుగురి దాకా కలిసి ఒక ఇంట్లోకి వెళ్లి అక్కడున్నది ఏ రకం దయ్యమో కనిపెట్టాలి. మైకులో మనం మాట్లాడే మాటలు దయ్యం వింటుంది. "పిన్నీ, దాన్ని పేరు పెట్టి పిలవకు, కోపమొస్తుంది దానికి" అని కూతురిలాగా కాదు, మేస్త్రీలాగా గదమాయిస్తుంది. వేట మొదలయ్యాక నోరు విప్పితే దయ్యం ఆ గొంతు పట్టుకుని వచ్చేస్తుంది. మా అమ్మాయి, నేను, దాని స్నేహితురాలు ముగ్గురం ఒకే అలమరాలో నక్కి, నవ్వాపుకోలేక దొరికిపోవడం మామూలు. ఫోన్‌లో "తిన్నావా, పడుకున్నావా" దాటి ముందుకు సాగని మా మాటలు, ఈ ఆట మొదలుపెట్టాక గంటలు నడుస్తున్నాయి.

పెద్దాయన ఆందోళనలో నేను పూర్తిగా ఒప్పుకునే భాగమూ ఉంది. ఈ ఆటలు పసిపిల్లలకు కావు. ఐరోపాలో పెగీ అనే పద్ధతి ప్రకారం ఆటల మీద 3, 7, 12, 16, 18 అని వయసు ముద్ర వేస్తారు, అమెరికాలో అదే పని చేసే సంస్థ ఈఎస్ఆర్‌బీ 'ఎం' అక్షరం వేసిందంటే 17 ఏళ్లు నిండినవాళ్లకని. నేను పేరెత్తిన వాటిలో ఎక్కువ భాగం పెద్దలవే. మనవడి వయసు ఆయన రాయలేదు, ముందు ఆ ముద్ర చూసుకోవాలి. గుండె దడతో మంచమెక్కితే నిద్ర పట్టదు, అది ఏ వయసులోనైనా. నిజంగా దెబ్బతిని ఉన్న మనసులకు వీటిలో ఏదో ఒక దృశ్యం ఆ గాయాన్నే రేపొచ్చు. మంచి తయారీదారులు ఈ సంగతి పట్టించుకుంటున్నారు కూడా. సాలీళ్లంటే ప్రాణం పోయేవాళ్ల కోసం 'గ్రౌండెడ్' ఆటలో వాటి కాళ్లు తీసేసుకునే వీలు పెట్టారు. 'లీథల్ కంపెనీ'లో ఆ సౌకర్యం పెట్టుకుంటే సాలీడు బదులు ఇంగ్లీషు అక్షరాల్లో 'స్పైడర్' అన్న మాటే మన మీదికి వస్తుంది. ఆ అక్షరాలను చూసి కూడా మా అక్క కాళ్లు సోఫా పైకి లాక్కుంది, అది వేరే విషయం.

చివరగా మీకో విన్నపం. సినిమా విడుదలైతే మీ పత్రిక అరపేజీ సమీక్ష వేస్తుంది. పాటలెలా ఉన్నాయి, కెమెరా ఎలా ఉంది, పిల్లలను తీసుకెళ్లొచ్చా అన్నీ చెబుతుంది. వీడియో గేములు మాత్రం నేరవార్తల్లోనూ, 'యువత ఎటుపోతోంది' శీర్షికల కిందా తప్ప మీ పేజీల్లో కనబడవు. వారానికి ఒక్క ఆట గురించైనా రాయించండి. వయసు ముద్ర ఎంత, ఉలిక్కిపడేలా చేసి డబ్బు గుంజే రకమా లేక బుద్ధితో భయపెట్టే రకమా, ఒంటరిగా ఆడేదా కలిసి ఆడేదా, ఎవరు దూరంగా ఉండాలి, ఈపాటి రాస్తే పెద్దాయనలాంటివారికి మనవడి గది తలుపు తట్టేముందు కాస్త ఆధారం దొరుకుతుంది. శబ్దం ఎలా ఉందన్న భాగం వరకు రాయడానికి మనిషి దొరక్కపోతే, పారితోషికం లేకుండా నేను రాసిపెడతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు